రాకీ పర్వతాల్లో పసుపు రంగు చిక్కుడు పువ్వు: పేరు తేల్చుకునే పద్ధతి

మే నెలాఖరు నుంచి జూలై దాకా కొలరాడో, వయోమింగ్, మోంటానా, యూటా కొండల్లో నడిచి వచ్చినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "ట్రైల్ పక్కన మోకాలెత్తు మొక్కలు, గుంపులు గుంపులుగా పసుపు పువ్వులు. చూడటానికి చిక్కుడు పువ్వులా ఉంది. ఏమిటది?" వెంట ఒక ఫోటో ఉంటుంది. అందులో పువ్వు తప్ప ఇంకేమీ ఉండదు.

ఆ ఫోటోతో చిక్కేమిటంటే, ఈ కుటుంబంలో పువ్వులన్నీ దాదాపు ఒకే అచ్చు. పువ్వును బట్టి కుటుంబం తెలుస్తుంది, అంతకు మించి తెలిసేది తక్కువ. పేరు తేల్చేవి ఆకు, ఆకు మొదలు, కాయ. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం వాటి గురించే.

చాలాసార్లు చివరికి తేలేది గోల్డెన్ బ్యానర్. శాస్త్రీయ నామం థెర్మోప్సిస్. సుమారు 6,000 నుంచి 10,000 అడుగుల ఎత్తులో, పచ్చికబయళ్లలోనూ, ఆస్పెన్, పాండెరోసా పైన్ చెట్ల అంచుల్లోనూ ఇది విస్తారంగా పూస్తుంది. కానీ దీన్ని పోలినవి అరడజను పైనే ఉన్నాయి. కింది వరుసలో వెళ్తే అవి ఒక్కొక్కటిగా పక్కకు తప్పుకుంటాయి.

1. బయల్దేరే ముందు

పెద్ద సరంజామా అక్కర్లేదు. బ్యాగులో ఇవి ఉంటే చాలు:

- 10 రెట్లు పెద్దదిగా చూపే చిన్న లెన్స్ (ఫోన్ మాక్రో మోడ్ కొంతవరకు ఈ పని చేస్తుంది)
- 15 సెంటీమీటర్ల చిన్న స్కేలు, లేదా కొలతలు గీసిన కాగితం ముక్క
- నోట్‌బుక్, పెన్సిల్ (వానలో పెన్ను రాయదు)
- ఎత్తు చూపించే యాప్, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న ఆఫ్‌లైన్ మ్యాప్
- నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు

చివరిది ఫ్యాషన్ కోసం కాదు. వసంతంలో, వేసవి మొదట్లో ఈ గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుంటే పేలు (టిక్స్) పట్టుకుంటాయి. తిరిగొచ్చాక మోకాలి వెనక, నడుము దగ్గర, జుట్టులో ఒకసారి వెతుక్కోండి.

ఇంకొక సంగతి ముందే తెలుసుకోండి. అమెరికా నేషనల్ పార్కుల్లో పువ్వు కోయడం నిషేధం, ఒక్కటి కూడా. ఈ గైడ్‌లోని పనులన్నీ మొక్కను కోయకుండా చేసుకోవచ్చు. రేకలు విప్పి చూడాల్సి వస్తే రాలిన పువ్వు కోసం వెతకండి. గుబురు కింద సాధారణంగా ఒకటి రెండు దొరుకుతాయి.

2. ముందు ఫోటోలు, తర్వాతే పేరు

పేరు ఆలోచించడం మొదలుపెట్టగానే కళ్లు దానికి సరిపోయేవే వెతుకుతాయి. అందుకని ముందు ఆధారాలన్నీ పోగేయండి. ఈ వరుసలో తీయండి:

- దూరం నుంచి మొత్తం గుబురు, చుట్టూ ఉన్న నేలతో సహా
- ఒకే మొక్క, నేల నుంచి కొస దాకా
- ఒక ఆకు, పై నుంచి
- ఆకు కాండానికి అతుక్కున్న చోటు, బాగా దగ్గరగా
- పూగుత్తి, పక్క నుంచి
- ఒక పువ్వు, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి
- కాయ, ఎంత లేతదైనా సరే
- వీటిలో కనీసం ఒక ఫోటోలో స్కేలు

నాలుగోది ఎవరూ తీయరు. నాకు ఒక్క ఫోటోయే ఇస్తామంటే నేను అడిగేది అదే.

పసుపు రంగుతో ఫోన్ కెమెరాకు ఎప్పుడూ గొడవే. కొండల మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పువ్వంతా ఒకే పసుపు ముద్దగా వస్తుంది, రేకల అంచులు కనపడవు. మీరే ఎండకు అడ్డం నిలబడి పువ్వు మీద నీడ పడేలా చూడండి. స్క్రీన్ మీద పువ్వును తాకి, వెలుతురును కొంచెం కిందికి లాగండి. గాలి వీస్తుంటే వేళ్లతో కాండాన్ని పట్టుకోండి. కొలతకు ఆ వేళ్లే పనికొస్తాయి.

3. అసలు ఇది చిక్కుడు కుటుంబమేనా?

పువ్వును పక్క నుంచి చూడండి. అయిదు రేకలుంటాయి కానీ అన్నీ ఒకేలా ఉండవు. పైన నిటారుగా లేచి నిలబడే పెద్దది జెండా రేక. రెండు పక్కలా రెక్క రేకలు. ఆ రెక్కల మధ్య, కింది వైపు, రెండు రేకలు అతుక్కుని పడవలా తయారవుతాయి. కేసరాలూ అండాశయమూ ఆ పడవలో దాగి ఉంటాయి. చేలో కంది పువ్వును చూసినవాళ్లకు ఈ ఆకారం కొత్తగా అనిపించదు.

పడవ కనపడకపోతే రెక్క రేకల్ని వేలితో మెల్లగా కిందికి నొక్కండి. పడవ కిందికి దిగి కేసరాలు బయటికి వస్తాయి. బంబుల్‌బీ వాలినప్పుడు జరిగేదీ ఇదే. దాని బరువుకు పడవ తెరుచుకుని పుప్పొడి పొట్టకు అంటుకుంటుంది.

ఈ ఆకారం లేకపోతే ఇక్కడే ఆగండి. ఇదే కొండల్లో చిక్కుడు పువ్వని పొరబడే పసుపు పువ్వులు కొన్ని:

- కోరిడాలిస్ ఆరియా: పువ్వు వెనక గొట్టంలా ఒక తోక ఉంటుంది. ఆకులు నీలం కలిసిన ఆకుపచ్చ, సన్నగా చీలి ఉంటాయి.
- టోడ్‌ఫ్లాక్స్: ఇక్కడా తోక ఉంటుంది, కిందికి పొడుచుకుని. పువ్వు నోటి దగ్గర నారింజ మచ్చ. పశ్చిమ రాష్ట్రాల్లో ఇది బెడద మొక్క.
- లౌస్‌వోర్ట్ (పెడిక్యులారిస్ బ్రాక్టియోసా): రేకలు కలిసి కొక్కెంలా వంగుతాయి. ఆకులు ఫెర్న్ ఆకుల్లా ఉంటాయి.
- వాల్‌ఫ్లవర్ (ఎరిసిమమ్): ఒకే తీరు రేకలు నాలుగు. ఆవాల కుటుంబం.

తోక ఉన్నదేదీ మనం వెతికే పువ్వు కాదు. ఈ ఒక్క నియమంతో మొదటి రెండూ పోతాయి.

4. ఆకును లెక్కపెట్టండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. తొందరపడకండి.

ముందు ఒక ఆకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియాలి. ఈ కుటుంబంలో ఒక ఆకు చాలావరకు కొన్ని చిన్నాకులుగా విడిపోయి ఉంటుంది. ఏది ఆకు, ఏది చిన్నాకు అనే అనుమానం వస్తే మొగ్గను వెతకండి. కాండానికీ ఆకు కాడకూ మధ్య మూలలో మొగ్గో కొమ్మో ఉంటుంది. చిన్నాకు మొదట్లో మొగ్గ ఉండదు. మొగ్గ దగ్గర నుంచి కొస దాకా ఉన్నదంతా ఒకే ఆకు.

ఇప్పుడు చిన్నాకుల్ని లెక్కపెట్టండి. నాలుగు దారులున్నాయి.

మూడు చిన్నాకులు. గోల్డెన్ బ్యానర్ ఈ దారిలోదే. స్వీట్ క్లోవర్, బ్లాక్ మెడిక్ కూడా ఇక్కడే ఉంటాయి. అయిదో మెట్టుకు వెళ్లండి.

అయిదు, పైన మూడు, కింద రెండు. బర్డ్స్ ఫుట్ ట్రెఫాయిల్ (లోటస్ కార్నిక్యులేటస్). దీన్ని మూడాకుల మొక్క అనుకోవడం చాలా మామూలు. దాని సంగతి ఎనిమిదో మెట్టులో.

అయిదు లేదా ఎక్కువ, అన్నీ ఒకే బిందువు నుంచి విప్పారి. లూపిన్. సాధారణంగా 5 నుంచి 11 చిన్నాకులు. రాకీల్లో లూపిన్లు ఎక్కువగా నీలం, ఊదా రంగువే. పసుపు లూపిన్ అనుకుంటే ఆకును మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి. గోల్డెన్ బ్యానర్‌కు ఫాల్స్ లూపిన్ అనే పేరు కూడా ఉంది కాబట్టి ఈ తికమక ఊరికే రాలేదు.

ఒక ఈనెకు రెండు వైపులా వరుసగా. ఆస్ట్రగాలస్, ఆక్సిట్రోపిస్, హెడిసారమ్, లాథిరస్ అన్నీ ఈ దారిలోనివి. చివర తీగచుట్టు ఉంటే లాథిరస్ వైపు చూడండి. క్రీమ్ రంగులో పూసే లాథిరస్ ఓక్రోల్యూకస్ అడవి నీడల్లో కనిపిస్తుంది. తీగచుట్టు లేకపోతే ఆరో మెట్టులో పడవ రేకను చూసి తేల్చాలి.

లెక్కపెట్టేటప్పుడు కనీసం మూడు ఆకులు చూడండి, అదీ కాండం మధ్య భాగంలోవి. అడుగున ఉన్నవి చిన్నబోయి ఉంటాయి, కొసన ఉన్నవి ఇంకా విప్పుకోవు. పురుగు కొరికిన ఆకును నమ్మి మొక్క పేరే మార్చేసిన వాళ్లున్నారు.

5. ఆకు మొదట్లోని చెవులు

ఆకు కాడ కాండాన్ని తాకే చోట రెండు పక్కలా చిన్న ఆకుల్లాంటివి ఉంటాయి. బడి పుస్తకాల్లో వీటి పేరు పత్రపుచ్ఛాలు. ఇక్కడ చెవులు అందాం.

గోల్డెన్ బ్యానర్‌కు ఈ చెవులు చాలా పెద్దవి. కొన్ని మొక్కల్లో చిన్నాకుల్లో సగం, కొన్నిట్లో దాదాపు చిన్నాకంత. వెడల్పుగా, ఆకుపచ్చగా, అచ్చం ఆకుల్లాగే ఉంటాయి. ఒక్కసారి చూస్తే మర్చిపోవడం కష్టం.

- మూడు చిన్నాకులు, పెద్ద ఆకు లాంటి చెవులు, చిన్నాకుల అంచులు నున్నగా: గోల్డెన్ బ్యానర్. పువ్వు పొడవు సుమారు 2 సెంటీమీటర్లో, అంతకు కొంచెం ఎక్కువో ఉంటే ఇంక అనుమానం పెద్దగా అక్కర్లేదు.
- మూడు చిన్నాకులు, అంచున సన్నటి పళ్లు, చెవులు దారపు ముక్కల్లా: స్వీట్ క్లోవర్.
- మూడు చిన్నాకులు, చిన్న చెవులు, నేలకు దగ్గరగా పాకే మొక్క, బఠాణీ గింజంత పూబంతి: బ్లాక్ మెడిక్.

మూడు చిన్నాకులున్న మొక్కల్లో ఇంకో తేడా కూడా చూడండి. గోల్డెన్ బ్యానర్‌లో మూడూ ఒకే బిందువు నుంచి వస్తాయి. స్వీట్ క్లోవర్‌లో మధ్య చిన్నాకుకు విడిగా చిన్న కాడ ఉంటుంది, మిగతా రెండింటి కంటే కొంచెం పైకి నిలబడుతుంది. లెన్స్ అవసరం లేకుండానే కనిపిస్తుంది.

6. పువ్వు లోపల

చిన్నాకులు వరుసలుగా ఉన్న మొక్కలకు ఈ మెట్టు తప్పదు. మూడాకుల వాళ్లు దీన్ని నిర్ధారణ కోసం మాత్రమే చేసుకోవచ్చు.

*పడవ కొస.* పువ్వును పక్క నుంచి చూసి, పడవ రేక చివర ఎలా ఉందో లెన్స్‌తో చూడండి. ముల్లులా సన్నటి ముక్కు పొడుచుకుని ఉంటే ఆక్సిట్రోపిస్. మొద్దుగా, గుండ్రంగా ఉంటే ఆస్ట్రగాలస్ కావచ్చు. పడవ రెక్కల కంటే పొడవుగా, చివర అడ్డంగా నరికినట్టు ఉంటే హెడిసారమ్.

ఆక్సిట్రోపిస్‌కు ఇంకో ఆనవాలు: ఆకులన్నీ నేల దగ్గరే గుత్తిగా ఉండి, మధ్యలోంచి ఆకుల్లేని పూకాడ లేస్తుంది. ఆక్సిట్రోపిస్ క్యాంపెస్ట్రిస్ లేత పసుపు లేదా క్రీమ్ రంగులో, రాళ్ల నేలల్లో పూస్తుంది.

*కేసరాలు.* రాలిన పువ్వు దొరికితే పడవను గోటితో చీల్చండి. మొత్తం పది కేసరాలుంటాయి. అవి ఎలా కలిశాయన్నదే ముఖ్యం:

- పదీ అడుగు దాకా విడివిడిగా: థెర్మోప్సిస్
- పదీ కలిసి ఒకే గొట్టం: లూపిన్
- తొమ్మిది కలిసి, పదోది వేరుగా: ఆస్ట్రగాలస్, ఆక్సిట్రోపిస్, హెడిసారమ్, లాథిరస్, స్వీట్ క్లోవర్, ట్రెఫాయిల్

పదీ విడిగా ఉండటం ఈ కుటుంబంలో అరుదైన లక్షణం. పెద్ద చెవులు చూశాక కూడా మనసులో ఏదో మూల అనుమానం ఉంటే ఈ పరీక్ష దాన్ని తీర్చేస్తుంది. పాత పువ్వుల్లో కేసరాలు ఎండి అతుక్కుపోతాయి కాబట్టి తాజాగా రాలినదాన్నే తీసుకోండి.

7. కాయ కోసం వెతకండి

థెర్మోప్సిస్ అని తేలింది. అది ఏ థెర్మోప్సిస్? ఇక్కడ కాయ లేకుండా ముందుకు పోలేం.

పువ్వులు మాత్రమే ఉన్నాయని నిరాశపడొద్దు. ఈ గుత్తి కింది నుంచి పైకి పూస్తుంది. పైన మొగ్గలుండగానే అడుగున లేత కాయలు వచ్చేస్తాయి. గుత్తి అడుగు భాగం చూడండి. అక్కడా లేకపోతే ఎండ బాగా పడే దక్షిణపు వాలు మీద పెరిగిన గుబురును చూడండి, లేదా కొన్ని వందల అడుగులు కిందికి దిగండి. కింద సీజన్ ముందుగా నడుస్తుంది. నిరుటి ఎండు కాయలు కొన్నిసార్లు మొక్క మొదట్లో పడి ఉంటాయి, వాటి వంపు కూడా పనికొస్తుంది.

రాకీల్లో మూడు రకాలు కనిపిస్తాయి.

థెర్మోప్సిస్ మోంటానా. కాయలు తిన్నగా, కాండానికి దగ్గరగా నిటారుగా నిలబడతాయి. మొక్క పొడవు. తడి ఉన్న పచ్చికబయళ్లు, వాగుల పక్కలు దీనికి ఇష్టం. కొలరాడోలో పశ్చిమ వాలు మీద ఎక్కువ.

థెర్మోప్సిస్ డైవేరికార్పా. కాయలు కాండం నుంచి పక్కలకు విచ్చుకుని ఉంటాయి, కొద్దిగా వంపు ఉంటుంది. కొలరాడో ఫ్రంట్ రేంజ్ (అక్కడి రాకీల తూర్పు అంచు), ఆగ్నేయ వయోమింగ్ వైపు తిరిగేవాళ్లకు తరచూ ఎదురయ్యేది ఇదే.

థెర్మోప్సిస్ రాంబిఫోలియా. పొట్టి మొక్క. కాయ కొడవలిలా, ఒక్కోసారి దాదాపు గుండ్రంగా చుట్టుకుని వంగుతుంది. మైదానాల్లో, కొండల అడుగున, మిగతా రెండింటికంటే ముందే పూస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ మూడూ వేర్వేరు జాతులా, ఒకే జాతిలో రకాలా అన్నదాని మీద వృక్షశాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. కొందరు మోంటానా, డైవేరికార్పాలను రాంబిఫోలియాలోనే రకాలుగా లెక్కేస్తారు. అందుకే ఒకే మొక్కకు రెండు పుస్తకాల్లో రెండు పేర్లు కనిపిస్తాయి. దీనికి టెన్షన్ పడనక్కర్లేదు. కాయ నిటారుగా ఉందా, పక్కకు ఉందా, చుట్టుకుందా అన్నది నోట్‌బుక్‌లో రాసుకుంటే, రేపు పేరు మారినా మీ పరిశీలన చెల్లుతుంది.

కాయ దొరకలేదా? "థెర్మోప్సిస్, జాతి తెలియదు" అని రాసి ఊరుకోండి. ఫోటోలో పువ్వు మాత్రమే చూసి జాతి దాకా ఖాయంగా చెప్పేవాళ్ల కంటే ఈ మాట రాసేవాళ్ల మీదే నాకు నమ్మకం ఎక్కువ.

8. బాగా తికమక పెట్టేవి

*బర్డ్స్ ఫుట్ ట్రెఫాయిల్.* యూరప్, ఆసియాల నుంచి వచ్చిన మొక్క. రోడ్ల పక్కన, పార్కింగ్ దగ్గర, పచ్చిక చల్లిన చోట్ల ఉంటుంది. దీని ఆకులో అయిదు చిన్నాకులు. వాటిలో కింది రెండూ సరిగ్గా చెవులు ఉండాల్సిన చోటే ఉంటాయి. దాంతో "మూడు చిన్నాకులు, పెద్ద చెవులు, అంటే గోల్డెన్ బ్యానర్" అనిపిస్తుంది. నిజంగా మోసగించే మొక్క ఇదొక్కటే.

విడదీయడానికి మూడు పనులు చేయండి. పువ్వుల అమరిక చూడండి: ట్రెఫాయిల్‌లో కాడ కొసన ఒకే చోట నుంచి కొన్ని పువ్వులు గొడుగులా వస్తాయి, గోల్డెన్ బ్యానర్‌లో పొడవాటి గుత్తి మీద ఒకదాని పైన ఒకటి ఉంటాయి. మొక్క భంగిమ చూడండి: ట్రెఫాయిల్ కాండాలు సన్నగా, నేల మీద వాలి ఉంటాయి. పువ్వు కొలవండి: దానిది సెంటీమీటరుకు అటూ ఇటూ, పాతబడేకొద్దీ నారింజ, ఎరుపు చారలు రావచ్చు. ఎత్తు కూడా గమనించండి. మనుషుల రాకపోకలు లేని ఎత్తైన పచ్చికబయలులో ట్రెఫాయిల్ దొరకడం తక్కువ.

*స్వీట్ క్లోవర్.* మనిషెత్తు దాకా పెరగగలదు. పువ్వులు అర సెంటీమీటరు పొడవున, సన్నటి పొడవాటి కంకుల మీద వేలాడతాయి. ఎండిన ఆకును నలిపితే కోసిన ఎండుగడ్డి తీపి వాసన వస్తుంది, అది కౌమరిన్ అనే పదార్థం వల్ల. కొలత చూస్తే చాలు, దీంతో తికమక ఉండదు.

*ఎల్లో హెడిసారమ్ (హెడిసారమ్ సల్ఫ్యురెసెన్స్).* మోంటానా, వాయవ్య వయోమింగ్, కెనడా రాకీల వైపు వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి. లేత పసుపు పువ్వులు ఒక పక్కకే కిందికి వేలాడతాయి. చిన్నాకులు వరుసల్లో ఉంటాయి. కాయ చూస్తే ఇక వాదన ఉండదు: గింజకొక గదిలా నొక్కులు పడి, పూసలు గుచ్చినట్టు ఉంటుంది. గ్రిజ్లీ ఎలుగుబంట్లు దీని వేళ్లను తవ్వుకుని తింటాయి. మొక్కల మధ్య నేల కొత్తగా పెళ్లగించి కనిపిస్తే ఫోటోల పని ఆపి, గట్టిగా మాట్లాడుకుంటూ అక్కడి నుంచి కదలండి.

*కరగానా.* పసుపు చిక్కుడు పువ్వే, కానీ ఇది పొద. గాలి ఆపడానికి పొలాల చుట్టూ, ఇళ్ల చుట్టూ నాటతారు. కాండం కట్టెలా గట్టిగా ఉందంటే గోల్డెన్ బ్యానర్ కాదు. గోల్డెన్ బ్యానర్ ప్రతి చలికాలం నేల మట్టానికి ఎండిపోయి, భూమిలో పాకే కాండాల నుంచి మళ్లీ లేచే మొక్క. గుంపులు గుంపులుగా కనిపించడానికీ అదే కారణం.

9. మామూలుగా జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

*రంగుతో మొదలుపెట్టడం.* పుస్తకంలో "పసుపు పువ్వులు" భాగం తెరిచి పేజీలు తిప్పడం అందరూ చేసేదే. అదే ఆక్సిట్రోపిస్ ఒకచోట క్రీమ్, ఒకచోట పసుపు. పువ్వు వాడితే రంగు ఇంకా మారుతుంది. ఆకు దగ్గర మొదలుపెట్టి, రంగును చివర్లో సరిచూసుకోండి.

*ఒక్క మొక్కతో సరిపెట్టడం.* గుబురులో కనీసం మూడు నాలుగు మొక్కలు చూడండి. జింకలు కొరికిన మొక్క పొట్టిగా, కొమ్మలు వేసి వింతగా ఉంటుంది.

*చెవుల్ని చిన్నాకులుగా లెక్కించడం.* దీనివల్ల మూడు కాస్తా అయిదవుతుంది, గోల్డెన్ బ్యానర్ లూపిన్ అయిపోతుంది. ఆకు కాడ మొదలు చూడండి. కాడ కింద కాండానికే అతుక్కున్నవి చెవులు, కాడ పైన కొసన ఉన్నవి చిన్నాకులు.

*ఎత్తు రాసుకోకపోవడం.* ఇంటికి వచ్చాక గుర్తు రాదు. ఫోటోలో జీపీఎస్ ఆన్ చేసి ఉంటే స్థలం తెలుస్తుంది, దాంతో ఎత్తు తర్వాతైనా తేల్చుకోవచ్చు.

*యాప్ మాటే తుది మాట అనుకోవడం.* ఐన్యాచురలిస్ట్, సీక్ లాంటివి మంచి సాయం. అయితే వాటికి పువ్వు ఫోటో ఒక్కటే ఇస్తే పువ్వు గురించే చెబుతాయి. ఆకు మొదలు, కాయ ఫోటోలు కలిపి పెట్టండి. సూచన వచ్చాక పైన చెప్పిన ఆనవాళ్లలో కనీసం రెండు మీ కళ్లతో సరిపోయాయో లేదో చూడండి. ఐన్యాచురలిస్ట్‌లో ప్రజాతి (థెర్మోప్సిస్ లాంటి మొదటి పేరు) దగ్గరే ఆగి పోస్ట్ చేసే వీలుంది, వాడుకోండి. తెలిసినవాళ్లు తర్వాత ముందుకు తీసుకెళ్తారు.

10. తినొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు

చిక్కుడు కుటుంబం అనగానే కాయ తినొచ్చేమో అనిపిస్తుంది. గోల్డెన్ బ్యానర్ మొక్క అంతా విషమే. ఇందులో థెర్మోప్సిన్, సిటిసిన్, అనజైరిన్ లాంటి ఆల్కలాయిడ్లు ఉంటాయి. తిన్న పశువుల కండరాలు దెబ్బతిని లేవలేక పడిపోతాయి. మనుషుల్లో వికారం, వాంతులు, కడుపునొప్పి, తలతిరుగుడు వస్తాయి. లోకోవీడ్ అని పిలిచే ఆక్సిట్రోపిస్, ఆస్ట్రగాలస్‌లలో కొన్నీ పశువులకు ప్రమాదమే. లూపిన్లలోనూ విషపు జాతులు చాలా ఉన్నాయి.

పేరు తేలినా తేలకపోయినా, కొండ మీద దొరికిన చిక్కుడు జాతి కాయ ఏదీ నోట్లో పెట్టుకోవద్దు. లేత కాయలు బఠాణీల్లా కనిపిస్తాయి కాబట్టి పిల్లలతో నడిచేటప్పుడు ఈ సంగతి ముందే చెప్పండి. రేకలు విప్పి చూశాక చేతులు కడుక్కోండి.

ఎవరైనా తిన్నారని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. అమెరికాలో పాయిజన్ హెల్ప్ నంబర్ 1-800-222-1222, రోజంతా పనిచేస్తుంది. మనిషి స్పృహ తప్పినా, ఊపిరి ఆడకపోయినా 911. మీరు తీసిన ఆకు, కాయ ఫోటోలు అక్కడ డాక్టర్లకు పనికొస్తాయి.

11. నోట్‌బుక్‌లో ఇలా రాసుకోండి

మొక్క దగ్గర ఉన్నప్పుడే, ఈ వరుసలోనే నింపండి:

- తేదీ, ట్రైల్ పేరు, ఎత్తు
- నేల: తడి పచ్చిక, పొడి వాలు, అడవి అంచు, రోడ్డు పక్క
- మొక్క ఎత్తు, కాండం మెత్తనా, కట్టెనా
- చిన్నాకులు ఎన్ని, ఒకే బిందువు నుంచా, వరుసగానా
- అంచు నున్నగానా, పళ్లతోనా
- చెవులు: చిన్నాకుతో పోలిస్తే ఎంత
- పువ్వు పొడవు మిల్లీమీటర్లలో
- పువ్వుల అమరిక: గుత్తి, గొడుగు, బంతి
- పడవ కొస: ముక్కు ఉందా
- కేసరాలు (రాలిన పువ్వు దొరికితేనే)
- కాయ: నిటారు, పక్కకు, చుట్టుకుని, లేదా దొరకలేదు
- పేరు, దాని పక్కన "ఖాయం", "బహుశా", "ప్రజాతి వరకే" లలో ఒకటి

"బహుశా" అని రాసినవాటి దగ్గరికి మూడు నాలుగు వారాల తర్వాత వీలైతే మళ్లీ వెళ్లండి. అప్పటికి పువ్వులు పోయి, ట్రైల్ మీద ఎవరూ వాటివైపు చూడరు. కాయలు మాత్రం పూర్తిగా ఎదిగి ఉంటాయి, మీకు కావాల్సింది అవే.